9 ఎంఎం తూటా దిద్దులు: పని ఎంతవరకు వచ్చిందంటే

డాలస్ దగ్గర మేం వెళ్లే షూటింగ్ రేంజ్‌లో నేలంతా పేల్చేసిన తూటాల ఇత్తడి గొట్టాలే. కొన్ని రేంజ్‌లు కింద పడింది తమదే అంటాయి, అందుకే కౌంటర్లో అడిగాకే ఏరుకుంటాను. నాకు కావాల్సింది గొట్టం అడుగు. దాదాపు 10 మి.మీ. బిళ్ల, నడుమ ప్రైమర్ (పిస్టల్ పిన్ను తగలగానే తూటాలోని మందును అంటించే చిన్న మూత), చుట్టూ కంపెనీ అచ్చు కొట్టిన అక్షరాలు. చెవికి దిద్దుగా అంత ముద్దొచ్చే ఆకారం ఇంకోటి లేదు.

ముందు ఏరివేత. లోపల ఖాళీగా ఉండాలి, ప్రైమర్ మీద పిన్ను కొట్టిన గుంట ఉండాలి. అనుమానం వచ్చింది ఏదైనా అక్కడే రేంజ్ వాళ్లకు ఇచ్చేస్తాను, ఇంటికి తీసుకురాను. అయస్కాంతానికి అంటుకున్నది ఉక్కు, పక్కన పెట్టేయాలి. తెల్లగా మెరిసేవాటికి నికెల్ పూత ఉండొచ్చు. నికెల్ పడని చెవులకు అవి వద్దు.

ప్రైమర్ మందులో సాధారణంగా సీసం ఉంటుంది, ఆ మసి గొట్టం లోపలంతా పట్టి ఉంటుంది. చేతికి గ్లవ్స్ వేసుకుని, పాత ప్రైమర్‌ను లోపలి నుంచి సన్నటి పంచ్‌తో కొట్టి తీసి, వేడినీళ్లలో సిట్రిక్ యాసిడ్, కాస్త సబ్బు వేసి నానబెడతాను. మనవాళ్లు ఇత్తడి బిందెలు చింతపండుతో తోమేది కూడా ఇదే పులుపు గుణంతో. గిన్నె మాత్రం వంటింటిది వాడకూడదు.

అసలు పని కోతలో ఉంది. అడుగు నుంచి 4 మి.మీ. దగ్గర గీత పెట్టి, కంసాలి రంపం ఆకుకు మైనం రాసి నెమ్మదిగా కోస్తాను. ఆ ఎత్తులో కోస్తే ప్రైమర్ తీసిన గుంట కింద పల్చటి అడుగు మిగులుతుంది, బిళ్ల రెండు గ్రాముల దగ్గర తూగుతుంది. కోసిన వైపు 400, 600, 1000 నంబరు సాండ్‌పేపర్లు, అన్నీ తడిపే, పొడి లేవకుండా. అక్షరాల వైపు 1000 ఒక్కటే, అదీ తేలిగ్గా. గట్టిగా రుద్దితే అచ్చు అరిగిపోతుంది, అచ్చు పోయాక అది ఉత్త బొత్తామే. నల్ల ఎనామెల్ పూసి వెంటనే తుడిస్తే అక్షరాల గాడుల్లో మాత్రం నిలిచి, ‘9ఎంఎం లూగర్’ స్పష్టంగా కనిపిస్తుంది.

ప్రైమర్ గుంట వెడల్పు 4.4 మి.మీ., లోతు 3 మి.మీ. అందులో అందానికి పెట్టే 4 మి.మీ. రాయి సరిపోతుంది కానీ లోపలికి దిగిపోతుంది. అందుకే మొదట బిళ్ల వెనకవైపు, చెవిలోకి వెళ్లే టైటానియం కాడ అంటించి, దాని బిళ్లతో అడుగు రంధ్రం మూసేస్తాను. ఆ తర్వాత గుంటలో ఎపాక్సీ పోసి రాయి కూర్చోబెడతాను. చిలుము పట్టకుండా పైన మైనం పూత.

గుంటూరు నుంచి మా పెద్దమ్మ కూతురు తనకూ ఒక జత పంపమంటోంది. ఇవి పంపను. మన ఆయుధాల చట్టం, 1959 ప్రకారం మందుగుండు అంటే దాని భాగాలు కూడా. ఖాళీ గొట్టం బ్యాగులో దొరికి ఎయిర్‌పోర్టులో ఇబ్బంది పడినవాళ్లున్నారు. తన కోసం ఇత్తడి రేకులోంచి అదే కొలతలో బిళ్లలు కోస్తున్నాను. తూటా గొట్టాలకు వాడే మిశ్రమమే, రాగి 70, జింకు 30. మామూలు ఇత్తడి కడ్డీ వాడను, సులువుగా తెగడానికి అందులో సీసం కలుపుతారు.

తర్వాతి పని .45 ఏసీపీ అనే ఇంకాస్త పెద్ద పిస్టల్ తూటా గొట్టంతో లాకెట్. అడుగు 12 మి.మీ. పైనే. వాటిలో ప్రైమర్ గుంటలు రెండు సైజుల్లో వస్తాయి కాబట్టి, రాళ్లు కొనేముందు అన్నీ కాలిపర్‌తో కొలిచి వేరుచేయాలి.