మెట్టెలు తీసి సాక్సులు తొడిగేదాకా: నా అనుభవం

"ఎవరికి మేడం, అత్తమ్మకా? నరాలు ఉబ్బినయా?"

వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి దగ్గర సర్జికల్ షాపులో కంప్రెషన్ సాక్సులు (కాలిని గట్టిగా నొక్కి పట్టే పొడుగు సాక్సులు) అడిగితే ఎదురైన మొదటి ప్రశ్న ఇది. అంతకుముందు హనుమకొండలో స్పోర్ట్స్ షాపులు తిరిగాను. వాళ్లు చూపించినవి ఫుట్‌బాల్ సాక్సులు. పొడుగ్గా ఉంటాయి, అంతే.

"నాకే. పొద్దున ఉరుకుతా" అన్నాను.

"ఉరుకుడుకు గివెందుకు మేడం?" అంటూనే డబ్బాలు దించాడు.

ఎందుకంటే, నేను టీచర్‌ని. ఆదివారం భద్రకాళి బండ్ మీద లాంగ్ రన్, సోమవారం వరసగా పీరియడ్లు. మధ్యాహ్నం బెల్లు కొట్టేసరికి పిక్కలు బిగుసుకుపోయి, మెట్లు దిగాలంటే రెయిలింగ్ పట్టుకోవాల్సి వచ్చేది. పాదాల నుంచి రక్తం పైకి ఎక్కాలంటే పిక్క కండరం కదులుతూ సిరల్ని పిండాలి. సిరల్లోని కవాటాలు ఆ రక్తాన్ని మళ్లీ కిందికి జారనివ్వవు. బోర్డు ముందు కదలకుండా నిలబడితే ఆ పిండడమే తగ్గిపోతుంది. ఈ సాక్సులు చీలమండ దగ్గర గట్టిగా, మోకాలి వైపు పోయేకొద్దీ వదులుగా పట్టి ఆ పనికి సాయం చేస్తాయి.

డబ్బా మీద ఒత్తిడి అంకె ఉంటుంది. బీపీ కొలిచే లెక్కే, మిల్లీమీటర్ల మెర్క్యురీలో. నేను తీసుకున్నది 15-20. 20-30 రకం సాధారణంగా వెరికోస్ వెయిన్స్ (కాళ్లలో ఉబ్బిన సిరలు) లాంటి వాటికి డాక్టర్లు రాస్తారు, చూసుకుని వాడాలి. అంకె వేయని సాక్సులు ఎంత చవకైనా నేను ముట్టుకోను. ఎంత నొక్కుతుందో తెలియని దానికి డబ్బులెందుకు?

షాపతను "చెప్పు సైజెంత?" అన్నాడు. మోకాలి దాకా వచ్చే సాక్సుకి ఆ ఒక్క కొలత చాలదు. చీలమండ ఎముకకు కొంచెం పైన, కాలు అన్నిటికన్నా సన్నగా ఉన్నచోట ఒక కొలత, పిక్క లావుగా ఉన్నచోట ఇంకొకటి కావాలి. అదీ పొద్దున లేవగానే, కాళ్లు ఉబ్బకముందే తీయాలి. నేను ఇంట్లోనే టైలర్ టేపుతో కొలిచి చీటీ మీద రాసుకుపోయాను. ఒక్కో కంపెనీ చార్టు ఒక్కోలా ఉంది. ఒకదాంట్లో మీడియం అయితే ఇంకోదాంట్లో లార్జ్. షాపతను ఓపిగ్గానే చూశాడు, చివరికి తనే టేపు తెచ్చి పక్కన పెట్టాడు.

కొనడం ఒక ఎత్తు, తొడగడం ఒక ఎత్తు. మామూలు సాక్సులా పైఅంచు పట్టి లాగితే ఎక్కదు. చెయ్యి లోపలికి పెట్టి, మడమ భాగం పట్టుకుని, అక్కడిదాకా తిరగేయాలి. ముందు వేళ్లు, తర్వాత మడమ సరిగ్గా కూర్చోబెట్టి, మిగతాది కొంచెం కొంచెంగా పైకి జరపాలి. గిన్నెలు తోమే రబ్బరు గ్లోవ్స్ వేసుకుంటే పట్టు దొరుకుతుంది. ముడతలు ఉండకూడదు, పైఅంచు కిందికి మడవకూడదు. మడిచినచోట ఒత్తిడి రెట్టింపై కాలికి తాడు కట్టినట్టవుతుంది. ఇక మన ఆడవాళ్ల సంగతి ఏ డబ్బా మీదా రాయరు: మెట్టెలకు దారం తగులుకుంటుంది, పట్టీలు చర్మంలోకి దిగుతాయి. రెండూ తీసి పక్కన పెట్టాల్సిందే. మా అత్తమ్మ ఓ చూపు చూసింది గానీ ఏమీ అనలేదు.

వీటితో వేగం పెరిగిందా అని మా రన్నింగ్ వాళ్లంతా అడుగుతారు. పెరగలేదు. బ్రిటన్ రన్నర్ పౌలా రాడ్‌క్లిఫ్ మోకాళ్ల దాకా సాక్సులతో మారథాన్లు పరుగెత్తేది, నిజమే. 2003లో లండన్‌లో ఆమె తీసిన 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లు 2019 దాకా ఆడవాళ్ల మారథాన్ ప్రపంచ రికార్డు. అది ఆమె కాళ్ల గొప్పే గానీ సాక్సులది కాదు. నేనైతే పరుగులో వేసుకోవడం మానేశాను, మన ఉక్కపోతలో చెమటకి దురద తప్ప ఏం లేదు. పరుగయ్యాక స్నానం చేసి, కాళ్లు బాగా ఆరాక వేసుకుంటాను. సోమవారం స్కూల్లో చీర కింద ఎవరికీ కనబడవు. నొప్పి పూర్తిగా పోదు, కానీ సాయంత్రానికి కాళ్ల బరువు తగ్గింది. హైదరాబాద్ హాఫ్ మారథాన్ నుంచి రైల్లో కాజీపేట వచ్చేటప్పుడూ వేసుకునే కూర్చున్నాను. రాత్రి పడుకునే ముందు తీసేస్తాను.

ఉతకడం చేత్తోనే, చల్లటి నీళ్లతో. బ్లీచ్ వద్దు, ఎండలో వేయొద్దు. ఎలాస్టిక్ పోతే అది మామూలు సాక్సే. రోజూ వాడితే ఆర్నెల్లకల్లా మార్చాలంటారు.

ఇది చూసి మా వదిన తనకూ ఒక జత తెమ్మంది. ఆమెకు షుగర్ ఉంది, పాదాలు తిమ్మిర్లు. ధమనుల్లో రక్తం సరిగా ఆడని కాళ్లకు ఈ ఒత్తిడి చేటు చేస్తుంది. స్పర్శ తగ్గిన పాదానికి పుండు పడినా తెలియదు. అందుకే ముందు డాక్టర్‌కి చూపించుకోమన్నాను. అలాగే ఎవరికైనా ఒక్క పిక్కే ఉన్నట్టుండి వాచి, వేడెక్కి నొప్పి పెడితే సాక్సు వేసి సరిపెట్టుకోవద్దు. లోపల గడ్డకట్టిన రక్తం ఉండొచ్చు, ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. వదిన వచ్చే వారం చూపించుకుంటానంది. డాక్టర్ సరే అంటే కొలతలు నేనే తీస్తాను, పొద్దున్నే.