ఎస్‌కు ముందా, తరువాతా?

విదేశీ విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు చేసుకునే మన విద్యార్థుల వ్యాసాలను దిద్దడం నా పని కనుక, ఆంగ్లం రాసేటప్పుడు మనవాళ్లు ఎక్కడ తడబడతారో నాకు బాగా తెలుసు. నాలుగైదు ఉపవాక్యాలున్న పెద్ద వాక్యాన్ని ఏ దోషమూ లేకుండా నడపగలిగినవారు సైతం అపాస్ట్రఫీ (’) అనే చిన్న గుర్తు దగ్గరకు వచ్చేసరికి ఊహ మీద ఆధారపడతారు. ఇది అశ్రద్ధ వల్ల జరుగుతున్నదని నేను అనుకోను. “బాయ్స్”, “బాయ్’స్”, “బాయ్స్’” అనే మూడు రూపాలూ చెవికి ఒక్కటే. ఆంగ్లమే మాతృభాష అయినవారికి కూడా ఈ తేడా కంటితో చూస్తేనే తెలుస్తుంది కాబట్టి, ఎంతగా విన్నా, ఎంత ధారాళంగా మాట్లాడినా ఈ ఒక్క విషయం దానంతట అది పట్టుబడదు.

అయితే తెలుగు వచ్చినవారికి ఇక్కడ ఒక గొప్ప సౌలభ్యం ఉంది. ఆంగ్లంలో ఒకే ధ్వనిగా వినిపించే ఆ మూడు అర్థాలనూ మనం మూడు వేర్వేరు రూపాలతో పలుకుతాం. “అమ్మాయిలు వచ్చారు” అన్నప్పుడు ఉన్నది కేవలం బహువచనం, కాబట్టి ఆంగ్లంలో ఎస్ చేర్చి ఊరుకోవాలి, అపాస్ట్రఫీకి అక్కడ పని లేదు. “అమ్మాయి పుస్తకం” అన్నప్పుడు ఆ పుస్తకం ఒక్కరిది, కనుక అపాస్ట్రఫీ ఎస్‌కు ముందు వస్తుంది. “అమ్మాయిల హాస్టల్” అన్నప్పుడు “లు” కాస్తా “ల”గా మారింది, అంటే అది అనేకులకు చెందినది, కనుక “గర్ల్స్’ హాస్టల్” అని ఎస్ తరువాత రాయాలి. “ల” వినగానే అపాస్ట్రఫీ పెట్టకూడదు సుమా! “అమ్మాయిలకు”, “అమ్మాయిలతో” అన్నప్పుడు కూడా “ల” వస్తుంది గాని, దాని వెనుక ఉన్నది విభక్తి ప్రత్యయమే తప్ప మరొక నామవాచకం కాదు. “ల” తరువాత నేరుగా మరొక నామవాచకం వస్తేనే ఈ పరీక్ష పనిచేస్తుంది.

ఈ పరీక్షకు మరో పరిమితి కూడా ఉంది. “పిల్లల ఆసుపత్రి” అన్నప్పుడు “ల” ఉంది కదా అని ఎస్ తరువాత అపాస్ట్రఫీ పెడితే తప్పవుతుంది. “చిల్డ్రన్” అనే మాట ఎస్ సహాయం లేకుండానే బహువచనమైంది కాబట్టి, దాని చివర అపాస్ట్రఫీని పెట్టి, ఆ తరువాత ఎస్ చేర్చి “చిల్డ్రన్’స్” అనాలి. “మెన్’స్”, “విమెన్’స్”, “పీపుల్’స్” అన్నవీ అంతే. అందుకే నా విద్యార్థులకు నేను చెప్పే క్రమం ఇది: ముందు ఆ వస్తువు ఎవరిదో వారిని సూచించే మాటను, ఏకవచనమైతే ఏకవచనంలో, బహువచనమైతే బహువచనంలో, పూర్తిగా రాయండి, దాని చివర అపాస్ట్రఫీ పెట్టండి, ఆ మాట బహువచనపు ఎస్‌తో ముగిసి ఉంటే అక్కడే ఆగిపోండి, లేకపోతే ఎస్ చేర్చండి. “టీచర్స్ డే” సంగతినే చూడండి. ఏటా సెప్టెంబరు 5న ఉపాధ్యాయులందరినీ గౌరవించే దినం కాబట్టి అపాస్ట్రఫీ ఎస్ తరువాత ఉండాలి, అయినా బడుల్లో కట్టే బ్యానర్ల మీద అది తరచుగా ఎస్‌కు ముందే కనిపిస్తుంది. మదర్స్ డే విషయంలో మాత్రం ఎస్‌కు ముందు ఉండటమే సరైనది. అమెరికాలో ఆ దినం కోసం పోరాడిన ఆనా జార్విస్, ప్రతి కుటుంబమూ తన తల్లిని గౌరవించుకోవాలన్న ఉద్దేశంతో ఏకవచనాన్నే పట్టుబట్టి నిలిపారు. 1914లో అధ్యక్షుడు విల్సన్ దానిని అధికారికంగా ప్రకటించారు.

కాలాన్ని చెప్పే మాటలకు కూడా ఇదే నియమం వర్తిస్తుందన్న సంగతి చాలామందికి తెలియదు. సెలవు చీటీలలో “టూ డేస్ లీవ్” అని అపాస్ట్రఫీ లేకుండా రాయడం మన కార్యాలయాలలో స్థిరపడిపోయింది. దానినే తెలుగులో “రెండు రోజుల సెలవు” అంటాం. అక్కడి “ల”ను గుర్తిస్తే “టూ డేస్’ లీవ్” అని రాయాలని వెంటనే తెలుస్తుంది. ఒక్క రోజు సెలవైతే “వన్ డే’స్ లీవ్”. దరఖాస్తులలో నాకు నిత్యం ఎదురయ్యే “మాస్టర్స్ డిగ్రీ” కూడా ఇటువంటిదే. అది ఒక మాస్టర్ పొందే పట్టా, కనుక “మాస్టర్’స్” అని అపాస్ట్రఫీ ఎస్‌కు ముందు ఉండాలి. “మాస్టర్ ఆఫ్ సైన్స్” అని పూర్తి పేరు రాసినప్పుడు అపాస్ట్రఫీ గాని, ఎస్ గాని ఉండవు. ప్రవేశాల సంఘం ముందుకు వెళ్లే కాగితంలో, తాను చదవబోయే పట్టా పేరునే విద్యార్థి తప్పుగా రాయడం చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

అసలు ఈ చిహ్నం ఆంగ్లంలోకి ఎలా వచ్చిందో తెలిస్తే నియమం మరింత బాగా గుర్తుంటుంది. మధ్యయుగపు ఆంగ్లంలో “రాజు యొక్క” అనడానికి “కింగెస్” వంటి రూపం ఉండేది. కాలక్రమంలో ఆ మధ్య అచ్చు పలుకుబడి నుంచి జారిపోయింది. అక్షరం లోపించిన చోట అపాస్ట్రఫీ పెట్టే అలవాటు 16వ శతాబ్దంలో ఫ్రెంచి నుంచి ఆంగ్లంలోకి వచ్చింది. 17వ శతాబ్దం చివరికి ఏకవచన షష్ఠికి, అంటే “యొక్క” అనే అర్థానికి, అది గుర్తుగా స్థిరపడింది. బహువచనంలో ఎస్ తరువాత పెట్టే పద్ధతి కుదురుకునేసరికి 18వ శతాబ్దం కూడా ముగింపుకు వచ్చింది. కేంబ్రిడ్జిలోని క్వీన్స్ కళాశాలను 1448లో ఆంజూ మార్గరెట్ స్థాపించగా, 1465లో ఎలిజబెత్ వుడ్‌విల్ పునఃస్థాపించింది. రాణులు ఇద్దరు కాబట్టి ఆ కళాశాల తన పేరులో అపాస్ట్రఫీని ఎస్ తరువాత రాస్తుంది. ఆక్స్‌ఫర్డ్‌లో 1341లో ఫిలిప్పా రాణి గౌరవార్థం వెలసిన క్వీన్స్ కళాశాల పేరులో అది ఎస్‌కు ముందు ఉంటుంది. ఈ రెండు కళాశాలల చరిత్రలోని భేదాన్ని అంత చిన్న చిహ్నం తన స్థానంతోనే చెప్పగలగడం నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే.

దీనికి ఎదురుదోషం ఏమిటంటే, వట్టి బహువచనానికి అపాస్ట్రఫీ తగిలించడం. “టిఫిన్’స్”, “శారీ’స్” అనే దుకాణపు బోర్డులు మన ఊళ్లన్నిటిలోనూ ఉన్నాయి. ఇంగ్లండులోనూ ఇదే తప్పు ఎంత వ్యాపించిందంటే, కూరగాయల వ్యాపారుల అపాస్ట్రఫీ అని దానికి ప్రత్యేకంగా ఒక పేరే ఏర్పడింది. పొడి అక్షరాలకూ అంకెలకూ కూడా బహువచనంలో నేటి పద్ధతి ప్రకారం ఇది అక్కరలేదు: “ఎమ్మెల్యేలు వచ్చారు” అనడానికి చిన్న ఎస్ చాలు, 1990ల దశాబ్దాన్ని సూచించడానికీ అంతే. “ఎమ్మెల్యేల క్వార్టర్స్” అన్నప్పుడు మాత్రం ఎస్ తరువాత అపాస్ట్రఫీ కావాలి. రావు గారి కుటుంబం మొత్తాన్ని “రావ్స్” అని పేర్కొన్నప్పుడు కూడా అపాస్ట్రఫీ ఉండదు.

సర్వనామాల దగ్గర వ్యవహారం తలకిందులవుతుంది. “దాని” అనే అర్థంలో రాసే “ఇట్స్”కు అపాస్ట్రఫీ లేదు. “ఇట్ ఈజ్” లేదా “ఇట్ హాజ్” సంక్షిప్తమైనప్పుడే “ఇట్’స్”. “హర్స్”, “యువర్స్”, “దెయిర్స్” అనేవి కూడా అపాస్ట్రఫీ లేకుండానే ఉంటాయి.

ఊళ్ల పేర్లనూ సంస్థల పేర్లనూ మాత్రం మన ఇష్టప్రకారం దిద్దకూడదు. అమెరికాలో భౌగోళిక నామాల మండలి 1890 నుంచీ స్థలనామాలలో షష్ఠీ అపాస్ట్రఫీని దాదాపు నిషేధించింది. మార్తాస్ విన్‌యార్డ్ ద్వీపం వంటి కొద్ది పేర్లకే మినహాయింపు దక్కింది. లండన్ మెట్రోలో పక్కపక్కన ఉన్న రెండు స్టేషన్లలో ఎర్ల్స్ కోర్టుకు అపాస్ట్రఫీ ఉంది, బారన్స్ కోర్టుకు లేదు. మనకూ ఇటువంటి ఉదాహరణలున్నాయి. విశాఖ డాల్ఫిన్స్ నోస్ పేరులో అపాస్ట్రఫీ నిలిచి ఉంది. ఆల్బర్ట్ ఆబిడ్ అనే వ్యాపారి దుకాణం వల్ల వెలసిన హైదరాబాదు ఆబిడ్స్ పేరులో అది లేకుండా పోయింది. వాడుకలో ఏ రూపం స్థిరపడితే అదే రాయాలి.

ఇక ఎస్‌తోనే ముగిసే శ్రీనివాస్, దాస్ వంటి పేర్ల సంగతి. అమెరికా వార్తాసంస్థ అసోసియేటెడ్ ప్రెస్ రచనా నియమావళి, అంటే శైలి, అపాస్ట్రఫీ ఒక్కటే చాలంటుంది. షికాగో విశ్వవిద్యాలయ ముద్రణాలయం వారి షికాగో శైలి దాని తరువాత మరో ఎస్ కావాలంటుంది. లండన్ సెయింట్ జేమ్స్ పార్కు పేరులో ఆ రెండో ఎస్ ఉంది, న్యూకాసిల్‌లోని అదే పేరుగల ఫుట్‌బాల్ మైదానానికి లేదు. విశ్వవిద్యాలయం ఫలానా శైలి అని నిర్దేశిస్తే అదే పాటించాలి. నిర్దేశించనప్పుడు నేను ఎస్ చేర్చిన రూపాన్నే సూచిస్తాను, ఎందుకంటే పలికేటప్పుడు మనం “శ్రీనివాసెస్” అని చివర ఆ అదనపు ధ్వనిని ఎలాగూ పలుకుతూనే ఉన్నాం.