ఒక్క స్పేస్, 2,340 ఫోటోలు: నా లైనక్స్ రికవరీ లాగ్

మొదటి రోజు, రాత్రి

నాకు పక్షుల ఫోటోల పిచ్చి. అన్నీ ఒక టెరాబైట్ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులో ఉంటాయి, ఫైల్‌సిస్టమ్ (ఫైళ్లని డిస్కులో అమర్చే పద్ధతి) ఈఎక్స్‌టీ4. ఇవాళ "పాత" అని మొదలయ్యే ఫోల్డర్లు తీసేద్దామని టెర్మినల్లో ఆర్‌ఎమ్ మైనస్ ఆర్‌ఎఫ్ (అడక్కుండా అన్నీ చెరిపే కమాండు) కొట్టాను. "పాత"కీ, పక్కనున్న స్టార్ గుర్తుకీ మధ్య స్పేస్ పడింది. స్పేస్ లేకపోతే "పాతతో మొదలయ్యేవి" అని అర్థం. స్పేస్ ఉంటే "పాత అనేదీ, దాంతోపాటు ఇక్కడున్నవన్నీ". ప్రాంప్ట్ వెంటనే రాకపోయేసరికి అనుమానమొచ్చి కంట్రోల్ సీ నొక్కాను. అప్పటికే అంతా అయిపోయింది. 2,340 ఫోటోలు, ఒక గూడు వీడియో, ఏ పక్షి ఎప్పుడు కనబడిందో రాసుకున్న నోట్స్ ఫైలు, అన్నీ పోయాయి.

టెన్షన్లో చేసిన ఒకే ఒక్క మంచి పని, డిస్కు మీద ఇంకేమీ రాయకపోవడం. ఆర్‌ఎమ్ డేటాను చెరపదు. పేరు తీసేసి, ఆ ఫైలున్న బ్లాకులు (డిస్కులోని చిన్న చిన్న గళ్లు) ఖాళీ అని మార్క్ చేస్తుంది, అంతే. వాటి మీద వేరేది పడేదాకా సరుకు అక్కడే ఉంటుంది.

వెంటనే డిస్కుని అన్‌మౌంట్ చేయబోతే (సిస్టమ్ నుంచి విడదీయబోతే) "బిజీగా ఉంది" అంది. చూస్తే ఆ గూడు వీడియో వెనక ప్లేయర్లో ఇంకా నడుస్తోంది! ఏదో ఒక ప్రోగ్రామ్ తెరిచి పట్టుకున్నంతసేపు ఆ ఫైలు బతికే ఉంటుంది. తెరిచున్న ఫైళ్లని చూపే ఎల్‌ఎస్‌ఓఎఫ్ కమాండుకి ప్లస్ ఎల్1 ఇస్తే అలాంటివన్నీ చూపిస్తుంది. ప్లేయర్ ప్రాసెస్ నంబరు పట్టుకుని, ప్రాక్ డైరెక్టరీలో ఆ నంబరు కిందున్న ఎఫ్‌డీ ఫోల్డర్లోకి వెళ్తే, 7 అనే లింకు పక్కన వీడియో పేరు, చివర బ్రాకెట్లో "డిలీటెడ్" అని ఉంది. ఆ 7ని మామూలు సీపీతో వేరే డిస్కులోకి కాపీ చేశాను. రెండు జీబీ వీడియో మొత్తం పేరుతో సహా దక్కింది. ఆ తర్వాతే ప్లేయర్ మూసి, అన్‌మౌంట్ చేశాను. కంగారులో ప్లేయర్ ముందే మూసేసి ఉంటే ఇది కూడా పోయేది.

రెండో రోజు

అసలు డిస్కు మీద ప్రయోగాలు వద్దు. డీడీరెస్క్యూతో పార్టిషన్ మొత్తాన్ని రెండు టెరాబైట్ల డిస్కులోకి ఇమేజ్‌గా (బైటుకి బైటు నకలుగా) తీశాను. ఎంతవరకు చదివిందో రాసుకునే మ్యాప్ ఫైలు పేరు ఇవ్వడం మర్చిపోవద్దు. మధ్యలో కేబుల్ ఊడినా ఆగిన చోటి నుంచి మొదలుపెడుతుంది. రెండున్నర గంటలు పట్టింది. తర్వాత ఇమేజ్‌ని రీడ్-ఓన్లీ చేసి, డిస్కు పక్కన పెట్టేశాను.

మూడో రోజు

ముందు ఈఎక్స్‌టీ4మ్యాజిక్ అనే రికవరీ టూల్. ఈఎక్స్‌టీ2 కాలంలో ఫైలు చెరిపినా, దాని బ్లాకులు ఎక్కడున్నాయో ఐనోడ్‌లో (ఫైలు వివరాలుండే రికార్డులో) మిగిలేది. ఈఎక్స్‌టీ4లో చెరిపేటప్పుడు ఆ వివరాన్నీ తుడిచేస్తుంది. అందుకని ఈ టూల్ జర్నల్లో (ఫైల్‌సిస్టమ్ తన మార్పుల్ని ముందుగా రాసుకునే చోట) ఐనోడ్‌ల పాత కాపీలు వెతుకుతుంది. మొదటిసారి నడిపితే ఒక్క ఫైలూ రాలేదు. అరగంట తల పట్టుకున్నాక తెలిసింది: సమయం చెప్పకపోతే గత 24 గంటలే చూస్తుంది, మనం మూడో రోజులో ఉన్నాం. డేట్ కమాండుతో చెరిపిన సమయాన్ని సెకన్లలోకి మార్చి, దాని ముందూ వెనకా హద్దులు ఇచ్చాను. 388 ఫోటోలు ఫోల్డర్లతో, పేర్లతో సహా వచ్చాయి. అన్నీ ఆ సాయంత్రమే కెమెరా నుంచి కాపీ చేసినవి. పాతవాటి ఐనోడ్ కాపీలు జర్నల్లో ఎప్పుడో తిరిగి రాయబడి పోయాయి.

నాలుగో రోజు

మిగతావాటికి ఫోటోరెక్. ఇది ఫైల్‌సిస్టమ్ జోలికి పోదు. ఫైలు మొదట్లో ఉండే గుర్తుల్ని బట్టి వెతుకుతుంది; జేపెగ్ అయితే ఎఫ్ఎఫ్, డీ8, ఎఫ్ఎఫ్ అనే మూడు బైట్లు. ఫైల్ ఆప్షన్స్‌లో ముందు అన్నీ ఆపేసి జేపీజీ, రా ఫోటోల కోసం టిఫ్ మాత్రమే ఉంచాను. "ఫ్రీ" అని ఎంచుకుంటే ఖాళీ స్థలమే చూస్తుంది, టైమ్ కలిసొస్తుంది.

ఆరువేలకు పైగా ఫైళ్లు, ఫోల్డరుకి 500 చొప్పున. ఎఫ్ పక్కన పెద్ద నంబరు, అదే పేరు. టీతో మొదలయ్యేవి ఫోటోల్లో దాగిన థంబ్‌నెయిల్స్, వాటిని తీసేశాను. పనికిరావని నేనే ఎప్పుడో విసిరేసిన మసక ఫోటోలు మాత్రం బంధువుల్లా అందరికన్నా ముందొచ్చి కూర్చున్నాయి. వాటినీ డూప్లికేట్లనీ ఏరేసరికి, ముందు దొరికిన 388తో కలిపి మొత్తం 2,197 మంచివి తేలాయి. 61 ఫోటోల్లో పై సగం పక్షి, కింద సగం బూడిదరంగు. ఆ ఫైళ్లు డిస్కులో ముక్కలుగా ఉండి ఉంటాయి. 82 జాడ లేవు.

ఎగ్జిఫ్‌టూల్‌తో ఫోటో తీసిన సమయాన్నే పేరుగా పెట్టాను. ఎగిరే పక్షిని సెకనుకి ఎనిమిది తీస్తాను కాబట్టి పేర్లు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. ఫార్మాట్ చివర పర్సెంట్ పర్సెంట్ మైనస్ సీ అని కలిపితే వరస నంబర్లు తనే వేసుకుంటుంది.

ఆరో రోజు

ఫోటోలు వచ్చాయి సరే, ఏది ఏ పక్షో చెప్పేది నోట్స్. మొత్తం 40 కేబీ కూడా ఉండదు. దాని కోసమే ఎక్కువ తిప్పలు పడ్డాను.

చదవగలిగే అక్షరాలని ఏరి చూపే స్ట్రింగ్స్ కమాండు మామూలుగా నడిపితే ఇంగ్లిష్ అక్షరాలే చూపిస్తుంది, తెలుగు దానికి కనబడదు. గ్రెప్‌తో "గిజిగాడు" అని వెతికాను. చూడ్డానికి నాలుగక్షరాలే, యూటీఎఫ్-8లో (అక్షరాలని బైట్లుగా రాసే పద్ధతిలో) గుణింతాలు కూడా విడివిడిగా లెక్క, ఒక్కోటి మూడు బైట్లు కాబట్టి డిస్కులో 24 బైట్లు. అంత పొడుగు వరస అనుకోకుండా ఎక్కడా తగలదు, అది మనకి మేలే. కానీ గ్రెప్ కాసేపటికి మెమరీ చాలక పడిపోయింది. సున్నాలతో నిండిన జాగాలో లైను ఎక్కడా తెగదు, అదంతా ఒకే లైను అనుకుని మింగబోతుంది. టీఆర్‌తో సున్నా బైట్లని కొత్త లైన్లుగా మార్చి గ్రెప్‌కి పంపితే సరిపోయింది. బైటుకి బైటే కాబట్టి లెక్క చెడదు.

17 చోట్ల దొరికింది. నా ఎడిటర్ సేవ్ చేసిన ప్రతిసారీ కొత్త ఫైలు రాసి పాతది తీసేస్తుందట, ఆ పాత కాపీలన్నీ అక్కడక్కడా పడున్నాయి. ఒకటి 82,46,64,371వ బైటు దగ్గర తగిలింది. 4096తో భాగిస్తే 201334వ బ్లాకు. ముక్కలు కోసిచ్చే డీడీ కమాండుకి బ్లాక్ సైజు 4096 ఇచ్చి, నాలుగు బ్లాకులు వెనక నుంచి పదహారు బ్లాకులు కోసుకున్నాను. మొదటి పేజీ తేదీతో సహా కనబడేసరికి కుర్చీలోంచి లేచాను.

ఏడో రోజు

ఇదే ప్రయత్నం పాత ఎస్‌ఎస్‌డీ మీద చేసి చూశాను. ఫైళ్లు చెరిపి, ఎఫ్‌ఎస్‌ట్రిమ్ (ఏ జాగా ఖాళీ అయిందో ఎస్‌ఎస్‌డీకి చెప్పే కమాండు) నడిపి, ఇమేజ్ తీస్తే ఆ జాగా అంతా సున్నాలే. చాలా లైనక్స్ డిస్ట్రోల్లో ఆ ట్రిమ్ వారానికోసారి తనంతట తనే నడుస్తుంది. నా ఫోటోలు పాతకాలపు హార్డ్ డిస్కులో ఉండబట్టి సరిపోయింది.

ఆర్‌ఎమ్‌కి మైనస్ క్యాపిటల్ ఐ ఉన్న ఏలియాస్ (కమాండుకి మారుపేరు) పెట్టుకున్నాను, మూడుకు మించి ఫైళ్లుంటే అడుగుతుంది. ఏలియాస్ ఉన్నా వెనకాల ఎఫ్ కొడితే మళ్లీ అడగదు. కాబట్టి ముందు ఆ ఎఫ్ అలవాటు మానాలి.

దొరికిన నోట్స్ కాపీల్లో పెద్దది తొమ్మిది బ్లాకులే నిలిచింది, పదోదాని మీద వేరే ఏదో పడింది. తెగిన చోట చివరి అక్షరానికి మూడు బైట్లలో ఒకటి పోయి, స్క్రీన్ మీద ప్రశ్నార్థకం ఉన్న నల్ల డైమండ్ కనబడుతోంది. నోట్స్‌లో ఆ తర్వాత ఉండాల్సిన రెండు రోజుల ఫోటోలు మూడొందల దాకా ఉన్నాయి. వాటికి పేర్లు గుర్తున్నంతవరకు రాస్తున్నాను, ఇవాళ్టికి నలభై అయ్యాయి.