బియ్యం ఓడ మీద పిట్టలు

కాకినాడ యాంకరేజీలో బస్తాల లెక్క రాయడం నా పని. ఓడలు లోతు నీళ్లలో లంగరేసి ఉంటాయి, బియ్యం బార్జీల్లో, అంటే అడుగు చదునుగా ఉండే సరుకు పడవల్లో వెళ్తుంది, వాటితో పాటు మేమూ వెళ్తాం. హోప్ ఐలాండ్ అడ్డుగా ఉండబట్టి అక్కడ అలల గొడవ తక్కువ. చలికాలంలో ఓడ నిండా పిట్టలే. కొత్త కుర్రాళ్లు "పాపం, అలిసిపోయి వాలాయి" అంటూ ఫొటోలు తీస్తారు. అన్నీ పాపం కాదండీ.

గోధుమ తల గల్స్ అనే నీటి పిట్టల్నే చూడండి. లదాఖ్, టిబెట్ సరస్సుల దగ్గర పిల్లల్ని పెంచుకుని ఇటొస్తాయి. పేరుకే గోధుమ తల, చలికాలమంతా తెల్లగానే ఉంటుంది, కంటి వెనక ఓ నల్లమచ్చ తప్ప. హాయిగా నీళ్ల మీదే తేలుతూ కునుకు తీయగలవు. ఓడ దగ్గరికి వచ్చేది వంటవాడు పారేసే ఎంగిలి కోసం.

టెర్న్‌లనే నీటి పిట్టల సంగతి వేరు. అవి నీళ్ల మీద ఎక్కువసేపు కూర్చోవు. బోయా (దారి చూపడానికి నీళ్ల మీద తేలేసి ఉంచే గుర్తు), తాడు, తేలే దుంగ, ఏది దొరికితే దాని మీద గాలికి ఎదురుగా వరసకట్టేస్తాయి.

అసలు అవసరం నేల పిట్టలది. తోకాడించే వాగ్‌టెయిల్ సముద్రం మీద దారి తప్పిందంటే నీళ్లలో వాలలేదు. దానికి ఓడే ఒడ్డు. ఒకటి అలాగే మా డెక్ మీద దిగితే సరంగు గుప్పెడు నూకలు చల్లాడు. అది ముక్కు కూడా పెట్టలేదు, ఈగల వెంట పరిగెత్తింది.

"బియ్యం ఓడెక్కి బియ్యం తినదేంటి బాబూ ఇది!" అన్నాడాయన. పురుగులు తినే పిట్ట మరి.

రాత్రి మాత్రం ఈ ఆసరాయే ప్రమాదం. మబ్బు పట్టి చుక్కలు కనపడనప్పుడు పెద్ద లైట్లు వలస పిట్టల్ని లాగేస్తాయి. చుట్టూ తిరిగి తిరిగి సత్తువ పోగొట్టుకుంటాయి, కొన్ని గుద్దుకుని పడతాయి. పని లేని లైట్లు ఆర్పేస్తే, ఉన్నవి కిందికి తిప్పితే చాలావరకు తగ్గుతుంది. చెప్తే "సేఫ్టీ" అంటారు. పని చోట లైటు ఉండాలి, ఒప్పుకుంటాను. ఖాళీ డెక్ మీద ఎందుకు?

ఇక వలసే లేని మన ఊరకాకి. ఓడలెక్కి తూర్పు ఆఫ్రికా రేవుల్లో దిగి, అక్కడి పిట్టల గుడ్లు తినేస్తోంది. 1994లో నెదర్లాండ్స్‌లోని హుక్ ఆఫ్ హాలండ్‌లోనూ కనిపించింది. లంగరెత్తే ముందు కాకుల్ని తోలేయమంటే మాత్రం మావాళ్లు నవ్వుతారు.