కైకలూరు వెళ్లాలా, బెజవాడలోనే ఉండాలా?

బెజవాడ వదిలి కైకలూరు వెళ్లి ఉండాలా వద్దా అన్న చర్చ మా ఇంట్లో కొల్లేటి చాంతాడులా సాగి సాగి, ఈ వేసవిలో ఒక కొలిక్కి వచ్చింది. పిల్లలు హైదరాబాదులోనో బెంగుళూరులోనో స్థిరపడ్డాక, నగరంలో ఇక మనకేం పని, ఏ చెరువు పక్క ఊళ్లోనో ప్రశాంతంగా ఉందామని అనుకునే మా ఈడువారు విజయవాడలోనూ గుంటూరులోనూ చాలామందే ఉన్నారు కనుక, మేము ఏయే సంగతులు లెక్కలోకి తీసుకున్నామో రాస్తే వారికి పనికివస్తుందనిపించింది. మా వారు నిరుడు ఉద్యోగ విరమణ చేశారు. నేను పుస్తకాల ప్రచురణకర్తలకు ప్రూఫులు దిద్దుతాను. ఆ పని ఇప్పుడు పూర్తిగా కంప్యూటరు మీదే నడుస్తోంది కాబట్టి ఎక్కడ కూర్చున్నా సాగుతుంది. అత్తయ్యగారికి ఎనభై దాటాయి, గుండె జబ్బు ఉంది. కొల్లేరు సరస్సు పక్కనున్న కైకలూరులో మా వదినగారు, అంటే మా వారి అక్కగారు, తమ ఇంటి పై వాటా ఖాళీగా ఉందని, వచ్చి ఉండమని ఎప్పటినుంచో అడుగుతున్నారు.

మమ్మల్ని నిజంగా ఆలోచనలో పడేసింది 2024 సెప్టెంబరు వరద. మేముండేది పాయకాపురంలో. మైలవరం వైపు కొండల్లో పుట్టిన బుడమేరును వెలగలేరు దగ్గర మళ్లించి, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలిపే ఏర్పాటు ఒకటి ఉంది. అయితే కృష్ణ నిండుగా ఉన్నప్పుడు బుడమేరును తనలోకి రానివ్వదు. ఆ సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు వెళ్లింది, అది ఇప్పటిదాకా అక్కడ నమోదైన అత్యధిక ప్రవాహం. అదే సమయంలో మళ్లింపు కాలువకు గండ్లు పడి బుడమేరు నీరు సింగ్‌నగర్, పాయకాపురం వీధుల మీదికి వచ్చిపడింది. మేము మొదటి అంతస్తులో ఉండబట్టి ఇంట్లోకి నీరు రాలేదు గానీ, కింది వాటావారి బియ్యం బస్తాలు, బీరువాలోని పట్టుచీరలు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ బురదలో కలిసిపోయాయి. పడవలో వచ్చిన పాల పొట్లాలు మెట్ల దగ్గర అందుకుంటూ, ఈ ఊళ్లో ఇంకెన్నాళ్లని మా వారు ఆ రోజే అన్నారు.

అంతవరకు బాగానే ఉంది గానీ, బుడమేరు తన సహజ మార్గంలో వెళ్లి చేరేది కొల్లేటిలోనే. ఏలూరు మీదుగా వచ్చే తమ్మిలేరూ అందులోకే వస్తుంది. ఇన్ని ఏరుల నీటికి, ఇన్ని డ్రెయిన్ల నీటికి సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. మా వీధిలో నీరు తీస్తున్నదని ఫోనులో చెప్పినప్పుడు వదినగారు, "తీసింది ఎక్కడికి పోతుందనుకున్నావు అమ్మాయ్, నాలుగు రోజుల్లో మా లంకల్లోకే వస్తుంది" అన్నారు. వరదకు భయపడి ఊరు మారేవారు అదే వరద నీటి చివరి మజిలీకి వెళ్లడంలో ఉన్న విడ్డూరం మా వారికి అప్పుడు తట్టలేదు, నాకు మాత్రం ఆ మాట మనసులో నిలిచిపోయింది.

నగరవాసులకు చెరువు అనగానే ఒక గట్టు, గట్టు లోపల నీళ్లు, గట్టు మీద రెండు చెట్లు మనసులో మెదులుతాయి. కొల్లేటికి అలాంటి గట్టు లేదు. సముద్రమట్టానికి పది అడుగుల ఎత్తుదాకా నీరు చేరితే సరస్సు విస్తీర్ణం 901 చదరపు కిలోమీటర్లు, ఐదు అడుగుల దగ్గర 308, మూడు అడుగుల దగ్గర 135. అంటే నేల అంత బల్లపరుపుగా ఉంది కాబట్టి, నీరు కొద్ది అడుగులు పెరిగితే సరస్సు ఊళ్లకు ఊళ్లనే చుట్టుముడుతుంది. అక్కడివారు ఎవరి పొలం గురించి మాట్లాడినా "అది ఐదో కాంటూరులోనిదా, బయటిదా" అని ముందు అడుగుతారు. ఐదో కాంటూరు అంటే సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తును సూచించే గీత. 1999లో అభయారణ్యంగా ప్రకటించింది ఐదో కాంటూరు వరకు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో అభయారణ్యం లోపలి చేపల చెరువుల గట్లను ప్రభుత్వం పెద్ద ఎత్తున కొట్టివేయించింది. సరిహద్దును మూడో కాంటూరుకు కుదించాలని 2008లో శాసనసభ తీర్మానం చేసింది. ఆ వాదన నేటికీ తెగలేదు. తెగని వాదన నడుమ, కాంటూరు లోపల, విరమణ సొమ్ముతో స్థలం కొనడం నా దృష్టిలో సాహసం కూడా కాదు, తెలివితక్కువతనం. చెరువు కనిపించే స్థలం చవకగా ఉందని ఒక మధ్యవర్తి మా వారికి ఫోను మీద ఫోను చేస్తుంటే, సర్వే నంబరు పట్టుకుని కాంటూరు సంగతి తేల్చుకురమ్మన్నాను. తేల్చుకున్నాక ఆయన ఇక ఆ స్థలం ఊసెత్తలేదు.

కైకలూరుకు బంధువులు, స్నేహితులు వచ్చేది కార్తికం నుంచి మాఘం లోపల. అప్పుడు కైకలూరు పక్కనే ఉన్న ఆటపాక పక్షుల కేంద్రంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గుంపులు గుంపులుగా ఉంటాయి, అటవీశాఖవారు నీళ్లలో నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద గూళ్లు కట్టి పిల్లల్ని పెడతాయి, పడవ ఎక్కి చూసి వచ్చినవారెవరికైనా ఇక్కడే ఉండిపోదామనిపిస్తుంది. మా వారికీ అలాగే అనిపించింది. నేను మాత్రం మే నెలలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి చూడనిదే మాట ఇవ్వనని పట్టుబట్టాను. మొత్తం వ్యవహారంలో నేను చేసిన మంచి పని అదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను.

మే నెల కొల్లేరు వేరు. పక్షులు చాలావరకు వెళ్లిపోయాయి. నీళ్లుండవలసిన చోట ఎండిన కిక్కిస, పగుళ్లిచ్చిన నల్లమట్టి, మిగిలిన పాయల్లో దట్టంగా అల్లుకున్న గుర్రపుడెక్క, దాని అంచుల్లో మేస్తున్న గేదెలు కనిపించాయి. నీరు పక్కనే ఉంటుంది కనుక చల్లగా ఉంటుందని అనుకుంటారు గాని, బెజవాడ ఎండకు తోడు చెరువుల ఉక్క కూడా కలిసి, మధ్యాహ్నం పై వాటాలో ఫ్యాను కింద కూర్చున్నా చొక్కా తడిసిపోతోందని మా వారే ఒప్పుకున్నారు. సాయంత్రం ఆరు దాటితే దోమతెర లేకుండా కూర్చోలేము.

ఇంకొక సంగతి, కైకలూరు బజారులో నిలబడితే సరస్సు కనిపించనే కనిపించదు. ఊరు బతికేది చేపల చెరువుల మీద. వదినగారి మేనల్లుడు మమ్మల్ని పొద్దున్నే తన చెరువుకు తీసుకువెళ్లాడు. చెరువులో వరసగా పాతిన గెడలకు ప్లాస్టిక్ సంచులు వేలాడుతున్నాయి. సంచి అడుగున చిన్న చిన్న రంధ్రాలు చేసి, తవుడు, నూనె తీయగా మిగిలిన చెక్క కలిపి నింపి, సగం నీళ్లలో మునిగేలా కడతారు. శీలావతి, బొచ్చె చేపలు ఆ రంధ్రాలకు మూతి ఆనించి మేత లాక్కుంటాయి. మేత వేసే మనిషి పడవలో సంచి నుంచి సంచికి పోతూ, నిన్నటి మేత ఎంత మిగిలిందో చేత్తో తడిమి చూసి, దాన్నిబట్టి ఇవాళ ఎంత పోయాలో నిర్ణయిస్తున్నాడు. "సంచి ఖాళీ కాలేదంటే చేపకు ఒంట్లో బాగాలేదని అర్థం పిన్నీ, లేదంటే నీళ్లలో గాలి తగ్గింది" అన్నాడు ఆ అబ్బాయి. మబ్బు పట్టిన రాత్రి తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయేమోనని ఆ ఊళ్లో సగంమందికి నిద్ర ఉండదట. చేపల పట్టుబడి ఉన్న రోజైతే వేకువనే ఐసు గడ్డల్ని పొడి చేసే మర చప్పుడు మొదలవుతుంది. ఐసు పరిచిన ట్రేలతో లారీలు కలకత్తాకు, అస్సాముకు బయలుదేరతాయి, వాటి నుంచి కారిన నీటికి రోడ్డు ఎప్పుడూ తడిగా, నీచువాసనతో ఉంటుంది. ప్రశాంతత కోసం పల్లెకు పోతున్నామనుకునేవారు ఈ చప్పుడును, ఈ వాసనను ముందే ఖాయం చేసుకుని వెళ్లడం మంచిది. నాకైతే, చెప్పడానికి విచిత్రంగా ఉంటుంది గానీ, పక్షులకన్నా ఈ ఊరే ఎక్కువ నచ్చింది. పని ఉన్న ఊళ్లో మనిషికి మాట తోడు ఉంటుంది. విరమణ చేసినవారే ఉండే కాలనీలో ఆ తోడు దొరకదు.

చుట్టూ అంత నీరున్నా తాగునీరు సులభం కాదు. ఆ ప్రాంతంలో బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పునీరు పడుతుంది. వేసవిలో ఉప్పుటేరు గుండా సముద్రపు నీరు ఎగదన్నుతుంది. కృష్ణా కాలువలకు నీరు వదిలినప్పుడు మంచినీటి చెరువులు నింపుకుని, కాలువలు కట్టేశాక ఆ నిల్వతోనే గడుపుకోవాలి. తాగడానికి, వంటకు ఇరవై లీటర్ల డబ్బా కొనుక్కోవడం అక్కడ అందరికీ అలవాటైపోయింది. పప్పు ఉడకాలన్నా డబ్బా నీళ్లే పోయాలని వదినగారు ముందే చెప్పారు. ఆ డబ్బాను పై వాటాకు మోసేదెవరన్నది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. అరవై దాటిన మా వారికి అది చిన్నది కాదు. అందుకే కింది నుంచి పైకి తీసుకోవడానికి బాల్కనీలో ఒక గిలక పెట్టించాలని మేనల్లుడికి అప్పుడే పురమాయించాము.

అన్నింటికన్నా ఎక్కువ తర్జనభర్జన జరిగింది వైద్యం మీద. 2022 జిల్లాల పునర్విభజనలో కైకలూరు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాకు మారింది. జిల్లా కేంద్రమైన ఏలూరుకు నేరుగా పోయే రోడ్డు కొల్లేటి మధ్య నుంచే వెళుతుంది. పెద్ద వరదల్లో చిన్న ఎడ్లగాడి అనే చోట రోడ్డు మీదుగా నీరు పారి రాకపోకలు ఆగిపోతాయి. వానాకాలంలో అర్ధరాత్రి అత్తయ్యగారికి ఆయాసం వస్తే ఏ దారి తెరిచి ఉంటుందన్నది నా ప్రశ్న. గుడివాడ వైపు, భీమవరం వైపు జాతీయ రహదారి ఉంది, బెజవాడకు రైలూ ఉంది. ఆ రైలు మార్గానికి రెండో లైను పడి, విద్యుదీకరణ కూడా పూర్తయ్యాక ప్రయాణం బాగా సులువైంది. కొన్ని నెలలకొకసారి చేయించే పరీక్షలకు రైలు చాలు. అర్ధరాత్రి సంగతికి మాత్రం రైలు జవాబు కాదు. చివరికి ఆవిడ గుండె డాక్టరుగారినే అడిగాము. ఊరు మారడానికి అభ్యంతరం లేదని, అయితే దగ్గరలో ఈసీజీ తీసి తనకు ఫోనులో పంపగల వైద్యుడు ఒకరు ఉండాలని, అత్యవసర మాత్రలు ఆవిడ తలగడ కిందే ఉండాలని చెప్పారు. అటువంటి వైద్యుడు కైకలూరులో దొరికాకే మిగతా మాటలు మాట్లాడుకున్నాము. అత్తయ్యగారిని అడిగితే, "కూతురింట్లో పోతే మాత్రం నామోషీ ఏముందే, కొల్లేటి కొర్రమీను పులుసు తినైనా పోతాను" అని నవ్వేశారు. ఆవిడ మాటను నేను వైద్యపరమైన అభిప్రాయంగా తీసుకోలేదు గానీ, మా వారు తీసుకున్నారు.

పోగొట్టుకునేవి కూడా ఉన్నాయి. జనవరిలో పుస్తక మహోత్సవానికి రోజూ సాయంత్రం నడిచినట్టు వెళ్లి రావడం కుదరదు, ప్రచురణ సంస్థకు పోయి అచ్చు కాగితాల మీద వేలు పెట్టి తప్పు చూపించడం కుదరదు, వన్‌టౌన్‌లో బేరం చేయడం కుదరదు. వీటిలో మొదటిదానికి రైలు టిక్కెట్టు కొనుక్కుంటాను, మిగిలినవి లేకపోయినా గడుస్తుంది.

మేము తేల్చుకున్నది ఇది. స్థలం కొనము, ఇల్లు కట్టము. వచ్చే జూన్‌లో వదినగారి పై వాటాలో దిగి, మరుసటి మే నెల చివరి వరకు, అంటే ఒక వరద కాలం, ఒక పక్షుల కాలం, ఒక ఎండాకాలం పూర్తిగా అక్కడ ఉంటాము. తోబుట్టువే కదా అని అద్దె లేకుండా ఉండటానికి నేను ఒప్పుకోలేదు. వదినగారు నొచ్చుకున్నారు, ఆఖరికి కరెంటు బిల్లు, నీళ్ల డబ్బాల ఖర్చు రెండు వాటాలకూ మేమే పెట్టుకునేలా మధ్యే మార్గం కుదిరింది. పాయకాపురం ఇంటిని ఆ ఏడాది అద్దెకు ఇద్దామని నేను, తాళం వేసి ఉంచుదామని మా వారు చాలా రోజులు వాదించుకున్నాము. అర్ధరాత్రి అత్తయ్యగారితో బెజవాడ రావలసి వస్తే దిగడానికి మన ఇల్లు మనకు ఉండాలన్నది ఆయన వాదన. దానికి నా దగ్గర జవాబు లేదు. నెలనెలా మెయింటెనెన్స్ దండగ అయినా సరే, తాళమే వేస్తున్నాము. ఒక తాళంచెవి కింది వాటావారి దగ్గర ఉంటుంది.