బైక్ చైన్ ఒకచోట బిగుతు, ఒకచోట లూజు

సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో వెనక చక్రం చేత్తో తిప్పుతుంటే చైన్ ఒకచోట బిర్రుగా ఉంది, అర చుట్టు తిరిగేసరికి వేలాడుతోంది. నాలుగు రోజులు వానలో నానిన బండి మరి.

ఇలాంటప్పుడు కొలత బిగుతుగా ఉన్నచోటే తీసుకోవాలి. లూజు చోట చూసి బిగిస్తే భారమంతా గేర్‌బాక్స్ బేరింగ్ మీద పడుతుంది. చాలా కమ్యూటర్ బండ్లకి కింది వరస మధ్యలో 20-30 మిల్లీమీటర్ల ఆట (పైకీ కిందికీ కదలిక) చాలు. సరైన లెక్క మాన్యువల్‌లో ఉంటుంది.

లింకుల మధ్య రబ్బరు రింగులుండే ఓ-రింగ్ చైన్‌ని పెట్రోల్‌తో కడగొద్దు, రబ్బరు పాడవుతుంది. కిరోసిన్, మెత్తని బ్రష్, పాత బనియన్ గుడ్డ చాలు. ఆరాక 90 గేర్ ఆయిల్ లోపలి వైపు చుక్కలుగా వేస్తే, చక్రం తిరిగేకొద్దీ అదే బయటికి పాకుతుంది. మిగిలింది తుడిచేయాలి, లేదంటే రేపు ప్యాంటు మీద చారలే. ఇంజన్ ఆన్‌లో పెట్టి గుడ్డ పట్టేవాళ్లకి వేళ్ల మీద ఆశ లేనట్టే!

రెండు వైపులా చైన్ అడ్జస్టర్ గీతలు సమానంగా పెట్టి యాక్సిల్ నట్ బిగించాక డ్రమ్ బ్రేక్ పెడల్ ఆట కూడా చూసుకోండి, చక్రం వెనక్కి జరిగితే అదీ మారుతుంది.

ఆ బిగుతు చోట ఉన్న లింకులు మాత్రం ఆయిల్‌కి లొంగలేదు. ఇక చైన్, రెండు స్ప్రాకెట్లూ (పళ్ల చక్రాలు) కలిపి సెట్టే మార్చాలి.