నాలుగు బీరువాల్లో నలభై వాద్యాలు: తరగతులు తేల్చిన తీరు

చెన్నైలో ఓ తెలుగు సంఘానికి దాతలిచ్చిన వాద్యాలకు రిజిస్టరు రాసే పని నాకూ, మరో ఇద్దరికీ పడింది. నలభై పైచిలుకు వస్తువులు. మార్గళి (తమిళుల ధనుర్మాసం) కచేరీలు మొదలయ్యేలోగా వాటిని అద్దాల బీరువాల్లో పెట్టి, ఒక్కోదాని కింద తెలుగు, తమిళం, ఇంగ్లీషుల్లో చీటీ ఉంచాలి. బీరువాలు నాలుగే. కాబట్టి వర్గీకరణ గురించి పెద్ద చర్చేమీ జరగలేదు. నాట్యశాస్త్రం 28వ అధ్యాయంలో తత (తీగ మోగేవి), అవనద్ధ (బిగించిన తోలు మోగేవి), ఘన (గట్టి వస్తువే మోగేవి), సుషిర (గాలితో మోగేవి) అని నాలుగు తరగతులున్నాయి, తరగతికో బీరువా అనుకున్నాం. చిక్కంతా ఏది ఎందులోకి వెళ్తుందన్న దగ్గర వచ్చింది.

ముందు బల్ల సంగతి. ఉతికిన తెల్ల నూలుగుడ్డ పరిచి, దానిమీద ఒకసారి ఒక్క వాద్యమే పెట్టాలి. రెండు పెడితే ఎవరిదో ఒకరి మోచెయ్యి తగిలి బిరడ (తీగను బిగించే మర) విరుగుతుంది. నంబరును స్టిక్కరు మీద రాసి చెక్కకు అంటించకూడదు. రెండేళ్లకు జిగురు వార్నిష్‌లోకి ఇంకిపోతుంది, లాగితే పాలిష్‌తో సహా ఊడివస్తుంది. వెడల్పాటి నూలు టేపు ముక్కమీద పెన్సిల్‌తో రాసి, వదులుగా కట్టాం. చెన్నై ఉక్కకు పెన్ను సిరా పాకుతుంది, పెన్సిల్ రాత పాకదు. వీణకూ తంబురాకూ బిరడ ఒక చుట్టు వెనక్కి తిప్పి తీగలు కాస్త సడలించాలి, అంతేగానీ పూర్తిగా వదిలేయకూడదు. తీగలు ఆనే దిమ్మను, అంటే గుర్రాన్ని, వాటి బిగువే నిలబెడుతుంది, అది పోతే పక్కకు జారి పైపలకను గీస్తుంది. వీణ మెట్లు 24నూ మైనంలో కూర్చి ఉంటాయి కనుక ఎండ పడే కిటికీ పక్క బీరువా వీణకు పనికిరాదు. మైనం మెత్తబడితే మెట్టు కుంగుతుంది, ఆ స్వరం తప్పుతుంది.

రిజిస్టరులో గడులు ఇవి: వరుస నంబరు, తెలుగు పేరు, ఇక్కడివాళ్లు పిలిచే పేరు, కొలతలు, దేంతో చేశారు, ఎలా వాయిస్తారు, తరగతి, ఇప్పటి స్థితి. మృదంగానికి పొడవుతో సరిపెట్టకుండా వలంతల (కుడి మూతి), తొప్పి (ఎడమ మూతి) రెండింటి వ్యాసాలూ రాయాలి. 24 అంగుళాల మృదంగం తగ్గు శ్రుతికి, 22 అంగుళాలది హెచ్చు శ్రుతికి వాడతారు కాబట్టి, ఏ గాత్రానికి పక్కవాద్యంగా పనికొస్తుందో కొలత చూస్తే తెలుస్తుంది. వేణువులకు మాత్రం శ్రుతి నంబరే ముఖ్యం. అడుగున గీసి ఉంటే సరే, లేకపోతే ఊది చూసి రాయాల్సిందే.

ఇక తరగతి గడి. దేంతో చేశారన్నది చూసి తరగతి రాయడం ఇక్కడ చాలామందికి అలవాటు. కుండ కనిపిస్తే ఘటం పక్కన పెట్టేస్తారు. మా దగ్గర ఘటమూ ఉంది, బుర్రకథకులు వాడే గుమ్మెటా ఉంది. రెండూ మట్టివే, రెండూ కాల్చినవే. ఘటంలో మోగేది మట్టి గోడే, అందుకే అది ఘనం. గుమ్మెటలో కుండ ఒకవైపు మూతికి తోలు బిగించి ఉంటుంది, దెబ్బ తోలుకే తగులుతుంది, అది అవనద్ధం. ‘ఏది కంపిస్తే శబ్దం పుడుతోంది?’ అన్న ప్రశ్నొక్కటే అడగాలి. జలతరంగానికీ ఇదే. గిన్నెలో నీళ్లు పెరిగితే స్వరం దిగుతుంది, కానీ మోగేది పింగాణీ. కాబట్టి ఘనం.

తేలని చోట మేం చేసింది వేలి పరీక్ష. అనుమానమున్న భాగాన్ని వేలితో నొక్కి ఉంచి వాయించాలి. శబ్దం చచ్చిపోతే ఆ భాగమే అసలుది. కంజిరా చట్రంలో బిళ్లలుంటాయి గదా, వాటిని వేళ్లతో బిగబట్టి తోలు మీద కొడితే నాదం దాదాపు అలాగే ఉంటుంది. తోలును అదిమిపట్టి ఊపితే బిళ్లల గలగల తప్ప ఇంకేం మిగలదు. అవనద్ధం అని రాసి, ‘ఘన భాగం కూడా కలదు’ అని చేర్చాం.

అసలు తగువు జమిడిక దగ్గర వచ్చింది. చూడ్డానికి చిన్న డోలులా ఉంటుంది. అడుగున తోలు, తోలు నడుమనుంచి పొట్టలోగుండా పైకి వచ్చే నరం తీగ, తీగ చివర చేత్తో పట్టుకోవడానికో చెక్కముక్క. సంఘంలో పెద్దాయన ఒకరు, “ఇది డోలు జాతి కాదటయ్యా, తోలు కనిపిస్తూనే ఉందిగా,” అన్నారు. తోలు ఉన్నమాట నిజమే. కానీ దాన్నెవరూ కొట్టరు. చెక్కముక్కను లాగి పట్టుకుని తీగను మీటుతారు. లాగినకొద్దీ స్వరం ఎక్కుతుంది, వదిలితే దిగుతుంది. పరీక్షలో తీగ పట్టేస్తే శబ్దమే లేదు, తోలు మీద అరచెయ్యి ఆనిస్తే గొంతు తగ్గింది గానీ పోలేదు. అంటే తోలు ఇక్కడ వీణకు కుండలాంటిది, నాదాన్ని పెంచే భాగం మాత్రమే. తతంలో పెట్టాం. పెద్దాయన సందేహానికి బలం లేకపోలేదు. 1914లో హార్న్‌బోస్టెల్, శాక్స్ అనే ఇద్దరు పండితులు ప్రపంచ వాద్యాలన్నిటికీ అంకెల పద్ధతి తయారుచేసినప్పుడు వీటిని ‘మీటే డోళ్లు’ అని తోలు వాద్యాల్లోనే వేశారు. తర్వాతివాళ్లు వాటిని తీసి తీగల్లో చేర్చారు.

ఆ అంకెల పద్ధతి కూడా మన దారిలోనే నడిచింది. అందులో 1 ఘనం, 2 తోలు, 3 తీగ, 4 గాలి. వాళ్లకంటే ముందు బ్రస్సెల్స్ మ్యూజియంలో మహిల్లాన్ ఇలాగే నాలుగు భాగాలు చేశాడు. కలకత్తా నుంచి శౌరీంద్రమోహన్ ఠాగూరు పంపిన భారతీయ వాద్యాలు ఆ మ్యూజియంలో చేరాయి. అందుకే మాకు అదనపు గడి ఒకటి గీసి అంకె కూడా వేయడం కష్టం కాలేదు. తమిళ సంప్రదాయంలో తోల్ (తోలు), తుళై (రంధ్రం), నరంబు (తీగ), కంజం (కంచు) అనే నాలుగింటికి తోడు మిడఱు, అంటే కంఠం కూడా ఒక కరువి (వాద్యం). బీరువాలో పెట్టగలిగింది కాదు కాబట్టి మాకు ఐదో అర అవసరం పడలేదు.

అంకె వేయడంవల్ల ఒక లాభం కనిపించింది. వీణ అన్న పేరున్నవన్నీ ఒకచోట చేర్చాలని మాలో ఒకరి పట్టు. సరస్వతీ వీణలో కుండ, దండి (మెట్లుండే పొడవాటి భాగం) కలిసి ఒకే శరీరం, కుండ తీసేస్తే వాద్యమే లేదు. రుద్రవీణ అలా కాదు. ఒక గొట్టం, దానికింద రెండు సొరకాయ బుర్రలు. బుర్రలు విప్పేసినా గొట్టం మీద తీగలు తీగలుగానే ఉంటాయి, కాకపోతే గొంతు పీలగా ఉంటుంది. అందుకే ఆ అంకెల పద్ధతిలో మొదటిది 32తో, రెండోది 31తో మొదలవుతుంది. మా దగ్గరున్న కిన్నెర కూడా 31 కిందికే వచ్చింది. వెదురు దండి, దానికి కట్టిన బుర్రలు. అలా కిన్నెర వెళ్లి రుద్రవీణ పక్కన కూర్చుంది. ఊరి కథకుల వాద్యమని దాన్ని మూలన పెడదామన్న ఆలోచన దాంతో ఆగింది. నాకైతే ఈ రిజిస్టరు మొత్తంలో బాగా నచ్చిన వరుస ఇదే.

సుషిరం బీరువా తొందరగా నిండింది. వేణువులు, నాగస్వరం, కొమ్ము, శంఖం. అందులో జాగ్రత్త ఒకటే, నాగస్వరం జీవాళిని వాద్యానికే వదిలేయకుండా విడిగా చిన్న డబ్బాలో పెట్టాలి. గడ్డితో చేసిన ఆ జంట నాలుక ఎండితే చీలుతుంది, పురుగు కూడా పడుతుంది. ఆగింది హార్మోనియం దగ్గర. పళ్లకు ఆనించి వేలితో మీటే మోర్సింగ్‌లో ఉక్కు నాలుక కంపిస్తుంది, అది ఘనం. హార్మోనియంలోనూ ఇత్తడి నాలుకలే కంపిస్తాయి, మరి అది సుషిరం ఎలా అవుతుంది? మూత తీసి ఒక నాలుకను గోటితో మీటాం. టిక్కుమని సన్నని చప్పుడు, అంతే. తిత్తి ఊపి గాలి వదిలితే గొంతెత్తుతుంది. గాలిని నాలుక తునకలుగా కత్తిరిస్తుంటే స్వరం పుడుతోంది. మోర్సింగ్‌ను దంతాలకు ఆనించకుండా గాల్లో పట్టుకుని మీటినా సన్నగానైనా మోగుతూనే ఉంటుంది. తేడా అక్కడుంది.

స్థితి గడిలో రాసినవాటిలో ఎక్కువ చెన్నై గాలి చేసినవే. సముద్రపు తేమకు మోర్సింగ్ తుప్పు పట్టింది, తుడిచి కుట్టుమిషన్ నూనె పలచగా రాశాం. ఏసీ ఆన్, ఆఫ్ చేస్తూ ఉండే గదిలో తోలు తేమకు సడలి, ఎండుకు బిగుసుకుని, చివరికి అంచు దగ్గర చిరుగుతుంది. ఏసీ లేకపోయినా ఫర్వాలేదు, పూటకో రకంగా ఉండకూడదు. అవనద్ధం బీరువాలో సిలికా జెల్ సంచులు పెట్టి, రంగు మారినప్పుడు ఆరబెట్టి మళ్లీ పెడుతున్నాం.

కంజిరా గడిలో ఇంకొకటి రాయాల్సి వచ్చింది. పాత కంజిరా తోలు ఉడుముది. ఉడుము 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులోని జంతువు. మేకతోలు కంజిరాలకు ఆ బాధ లేదు. పాతదానికి మాత్రం ఎవరిచ్చారో, ఎప్పుడిచ్చారో, వాళ్ల దగ్గరికి ఎలా వచ్చిందో దాత చేత రాయించుకుని కాగితం జతచేశాం. అటవీశాఖకు ఏం తెలపాలో వకీలును అడిగేదాకా అది బీరువాలోకి వెళ్లలేదు. గుమ్మెట తోలును కూడా ఇదే కారణంతో మళ్లీ చూశాం.

మిగిలిందల్లా ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె. తంబురా నాదం వస్తుంది కాబట్టి తతంలో పెట్టమన్నారు. అందులో తీగ లేదు, తోలు లేదు, లౌడ్‌స్పీకరు ఉంది. శాక్స్ 1940లో కరెంటు వాద్యాలకని ఐదో తరగతి చేర్చాడు. దానికి మా దగ్గర బీరువా లేదు, అందుకని నంబరు వేసి, తరగతి గడిలో 5 అని రాసి, కచేరీ వేదిక దగ్గరే ఉంచేశాం. రోజూ వాడే వస్తువు అదొక్కటే.